తెర పడిందన్నాడు

మా సహవాసంలో ఏ మాటా ఉన్నదున్నట్టు అనం. ఒంట్లో బాగోలేకపోతే శోధన వచ్చిందంటాం. ఉద్యోగం పోతే ప్రభువు అరణ్యంలో నడిపిస్తున్నాడంటాం. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేస్తే, "కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి" అంటే చాలు, గదిలో ఉన్న నలభైమందికీ సంగతి అర్థమైపోతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వచ్చిన భాష ఇదే. మా అమ్మ పాలు విరిగిపోయినా సాతానుగాణ్ణే తిట్టేది. అందులో తప్పేముందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

వారంలో ఆరు రోజులు నేను మాట్లాడేది వేరే భాష. మేం వలసొచ్చి స్థిరపడ్డ ఈ పరాయిదేశపు నగరంలో, పాయా లేబర్ అనే పేట‌లో ఆఫీసుల మధ్య ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్ళని మూడు ముక్కలు అడగాలి. ఏమైంది, ఎప్పటినుంచి, ఏ వైపు. చెప్పింది చెప్పినట్టు టైపు చేసి లోపలికి పంపాలి. ఎవరైనా "అదోలా ఉంది" అంటే వదలను. అదోలా అంటే నొప్పా, మంటా, తిమ్మిరా అని కూర్చోబెట్టి మరీ చెప్పిస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. నా నోరు మంచిది కాదని మా డాక్టరు కూడా అంటాడు గానీ, నేను రాసిన వివరాలకి ఏనాడూ వంక పెట్టలేదు.

ఆ క్లినిక్‌కి రెండు వీధుల అవతల, చిన్న చిన్న కార్ఖానాలుండే బిల్డింగులో నాలుగో అంతస్తులో, ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన. పొద్దున ఇంకో భాషవాళ్ళు వాడుకుని వెళ్ళిన గదే మేమూ అద్దెకి తీసుకుంటాం. టిష్యూ ప్యాకెట్లు పెట్టి ముందు వరస కుర్చీలు చోప్ చేసే, అంటే ముందే ఆపేసుకునే, ఆంటీలున్నారు మాకు. దేవుడి సన్నిధికొచ్చినా, తిండి కొట్ల దగ్గర బల్లలు ఆపుకునే హాకర్ సెంటర్ బుద్ధి పోదు. నేనేం తక్కువ తినలేదు, రెండో వరసలో నడవ పక్క కుర్చీ ఎప్పుడూ నాదే. పైగా బల్ల ఏర్పాటు నాది. అంటే ప్రభువు బల్లకి రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసే పని. తెల్లచీర కట్టుకుని, చిన్న గ్లాసుల ట్రే ఒళ్ళో పెట్టుకుని మా ఇల్లున్న సెరంగూన్ నుంచి ట్రైన్లో వెళ్తుంటే, నన్ను నేనే చూసుకుని మురిసిపోయేదాన్ని.

నేను చెప్పబోయే మనిషి ఊరి చివర క్రాంజీలో పనివాళ్ళ డార్మిటరీ నుంచి వచ్చేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, ముప్పై దాటిన వయసు, కట్టే బిల్డింగులకి ఇనప పైపులతో పరంజా బిగించే పని. గంటన్నర ప్రయాణం చేసి, మా అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేవాడు. ఊళ్ళో అతని భార్య ముందు నమ్ముకుంది, ఆమె ఫోన్లో ప్రార్థనలు చేసీ చేసీ ఇతన్నీ మార్చింది. నోట్లో నాలుక లేని మనిషి. మేం ప్రార్థనకి మోకరిస్తే ఒక్కొక్కరం పది నిమిషాలకి తక్కువ లేవం. అతని వంతు వచ్చేసరికి, "అయ్యా, నానొచ్చినాను. నా పిల్లల్ని సూడు. ఆమేన్," అంతే. వెనక వరసలో పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు. ఒకసారి నేనూ నవ్వాను. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని.

ఆ రోజుల్లో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రభువు కొండమీద చెప్పిన ధన్యతల్ని వారానికొకటి చొప్పున బోధిస్తున్నారు. ఆ ఆదివారం, హృదయశుద్ధి గలవాళ్ళు దేవుణ్ణి చూస్తారన్నది వచ్చింది. అతను కుర్చీలు వేస్తున్నప్పుడు ఎడమ కనుబొమ్మ మీద ప్లాస్టర్ చూసి ఏమైందని అడిగాను. "పైపు జారి తగిలినాదక్కా, సిన్నదే," అన్నాడు. సరే జాగ్రత్త అని నా పని నేను చూసుకున్నాను. ప్రసంగం చివర అయ్యగారు, "మీలో ఎవరు చూశారు దేవుణ్ణి? చెయ్యెత్తండి," అన్నారు. ఎవరెత్తుతారు? తలలు వంచుకున్నాం. సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు తమకి చేసింది ఎవరికివారు లేచి చెప్పుకునేటప్పుడు, అతను లేచి నిలబడ్డాడు. అతను సాక్ష్యం చెప్పడం అదే మొదలు.

"అయ్యగారూ, వందనాలు. నాకు ఏటో మెరుపులు కనబడతన్నాయి. బుధారం కాణ్ణించి. సీకట్లో కళ్ళు మూసుకున్నా గాని పక్కనుండి తెల్లగ మెరుస్తంది, పోతంది. నాకు బయమేసింది. ఇప్పుడు మీరు సెప్పింది ఇంటే, అదేనేటో అనిపించినాది."

గది దద్దరిల్లింది. స్తోత్రం స్తోత్రం అని ఒకటే కేకలు. అయ్యగారు కిందికి దిగొచ్చి అతన్ని వాటేసుకున్నారు. ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. చదువుకున్నవాళ్ళకి మరుగుచేసి పసివాళ్ళకి చూపించాడని ఎవరో అన్నారు. అతను మధ్యలో నిలబడి ఎవరివంక చూడాలో తెలీక నవ్వుతున్నాడు.

నాకేమైందో దాచకుండా చెబుతాను. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ ప్రార్థన నాది. శుక్రవారం శుక్రవారం ఉపవాసం. పిల్ల పుట్టినప్పుడు, అమ్మ పోయినప్పుడు, కడుపులో గడ్డ తీసినప్పుడు, ఒక్కసారి కనపడయ్యా అని ఏడ్చాను. ఒక్క మెరుపు లేదు, ఒక్క మాట లేదు. అలాంటిది, కుర్చీలు వేసేవాడికి బుధవారం నుంచి కనిపిస్తున్నాడట! పైకి నేనూ స్తోత్రం అన్నాను. ఇంటికి వెళ్తూ ట్రైన్లో ఆ ట్రే బరువుగా ఉందని మా అమ్మాయి మీద విసుక్కున్నాను. మెరుపులు అన్నాడు, కనుబొమ్మ మీద ప్లాస్టర్ ఉంది, రెండూ నా ఎదురుగానే ఉన్నాయి. క్లినిక్‌లో ఎవరైనా ఆ మాటంటే, ఏ కంట్లో అని అడక్కుండా వదిలేదాన్ని కాదు. అతన్ని మాత్రం అడగాలని తోచనేలేదు. అసూయకి అన్నీ వినిపిస్తాయి గానీ అవతలి మనిషి చెప్పేది వినిపించదు.

మరుసటి ఆదివారం ఆరాధనకి ముందు నేను సింకు దగ్గర గ్లాసులు కడుగుతుంటే వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, తెర పడిపోనాది."

"ఏం తెర?"

"నల్లగ. సెవి పక్కనుండి దిగతంది. నిన్న పొద్దున కొంచిమే ఉండీది. ఇయాల ఇంకా దిగినాది. ఆ వెలుగు కూడా పోనాది. దేవుడు నన్నొదిలీసినాడేటక్కా? నానేటి సేసినాను?"

తెర. మా భాషలో ఆ మాటకి ఒకటే అర్థం. మనిషికీ దేవుడికీ మధ్య అడ్డం వచ్చేది, పాపం. చిన్నప్పటినుంచి వెయ్యిసార్లు విన్నాను. ఇంకో అర్థం ఉంటుందని ఆ నిమిషంలో నా బుర్రకి తట్టలేదు. తట్టకపోవడం ఒక్కటే అయితే తెలివితక్కువదాన్నని సరిపెట్టుకునేదాన్ని. అసలు సంగతి అది కాదు. అతను ఆ మాట అనగానే నాకు లోపలెక్కడో చల్లగా అనిపించింది. అదీ మరి, నేననుకుంటూనే ఉన్నాను, అన్నట్టుగా.

"వెలుగు ఊరికే పోదు తమ్ముడూ. ఏదో దాచావు. హృదయాన్ని పరీక్షించుకో," అన్నాను. పెద్ద ప్రవక్త్రిలాగా.

అతను తల దించుకున్నాడు. పాపం, వెతుక్కున్నాడు. చివరికి, "సెల్లులో పాడు బొమ్మలు సూసినానక్కా. రెండుమాట్లు. రూములో అందరూ సూత్తంటే నానూ సూసినాను. ఆ కళ్ళతోటే సూసినాను గదా, అందుకేనేటి?" అన్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి.

ఆ మాట నాకు చాలు. నేరుగా అయ్యగారి దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. బాధపడ్డారు, అతన్ని పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేసి మాట్లాడారు. ఒప్పుకున్నందుకు మెచ్చుకున్నారు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి ఆ వారం బల్ల ఆపారు. అంటే అందరూ రొట్టె, రసం తీసుకుంటుంటే అతను వెనక కూర్చుని చూస్తూ ఉండాలి. నేను ఒక గ్లాసు తక్కువ పోశాను. సోమవారం నుంచి బుధవారం దాకా ఉపవాసం ఉండమని సలహా ఇచ్చింది కూడా నేనే. "ఎండలో పనిగదా అక్కా," అన్నాడు. "ప్రభువు నలభై రోజులున్నాడు," అన్నాను.

ఆరాధన అయ్యాక బిర్యానీ ట్రేలు మోసుకొస్తూ అతను తలుపు అంచుకి గుద్దుకున్నాడు. ట్రే సగం ఒలికిపోయింది. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో చదువుతోంది, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులన్నీ సగం ఇంగ్లీషులోనే, అదీ ఇక్కడి యాసలో. లిఫ్టులో అంది, "మా, అంకుల్ డోర్ చూడలేదు. హీ కెనాట్ సీ వన్ సైడ్ లా. డాక్టర్ దగ్గరికి వెళ్ళమను."

"ఇది డాక్టరు సంగతి కాదులే. నీకు తెలీదు, నోర్మూసుకో," అన్నాను.

"యూ వర్క్ ఇన్ అ క్లినిక్, వాట్," అని మూతి ముడుచుకుని ఫోన్ చూసుకుంది.

గురువారం పొద్దున కౌంటర్ దగ్గరికి ఒక చైనీస్ ఆంటీ వచ్చింది. పైన ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆవిడ, యాభై ఉంటాయి. కంగారేం లేదు, చేతిలో కాఫీ కవరు కూడా ఉంది. ఏమైందంటే, రెండు రోజులుగా కుడి కంట్లో మెరుపులు వస్తున్నాయని, ఈ పొద్దుట్నుంచి పక్కనుంచి నల్లటి కర్టెన్ దిగుతున్నట్టుందని చెప్పింది. నేను అలవాటు ప్రకారం టైపు చేస్తున్నాను. మెరుపులు. కుడి కన్ను. రెండు రోజులు. కర్టెన్. ఆ మాట దగ్గర చేతులాగిపోయాయి. డాక్టరు స్క్రీన్ మీద చదివి, ముందున్న పేషెంటుని వదిలేసి బయటికొచ్చాడు. ఇంటికి వెళ్ళొద్దు, తిండి కోసం ఆగొద్దు, ఇప్పుడే ఆస్పత్రికి పొమ్మని ఉత్తరం రాసిచ్చి, టాక్సీ పిలవమని నాతో చెప్పాడు. కంటి లోపలి పొర ఊడిపోతోందట. గంటలు లెక్క అన్నాడు.

టాక్సీ ఎలా పిలిచానో తెలీదు. డాక్టరు గదిలోకెళ్ళి, దెబ్బ తగిలితే ఇలా అవుతుందా అని అడిగాను. అవుతుందన్నాడు. తెర పడి ఆరు రోజులైతే? ఆయన నా వంక చూసి, ఎవరికి అన్నాడు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. సైటులో ఫోన్లు దగ్గరుంచుకోనివ్వరు. అతని కంపెనీ పేరు తెలీదు, సైటు ఎక్కడో తెలీదు. మూడేళ్ళుగా తమ్ముడూ అంటున్నాను గానీ, నాకు తెలిసింది అతను క్రాంజీలో ఉంటాడని, కుర్చీలు వేస్తాడని, అంతే. సెలవు పెట్టి క్రాంజీ వెళ్ళాను. గేటు దగ్గర గార్డు లోపలికి పోనివ్వలేదు. పేవ్‌మెంటు మీద నిలబడి మూడు గంటలు కాచుకున్నాను. లారీలు ఒక్కొక్కటే రావడం మొదలయ్యాయి. ఆరో లారీయో ఏడోదో, వెనకనుంచి అతను దిగాడు. పక్కవాడి భుజం పట్టుకుని, కాలితో నేల తడుముకుంటూ దిగాడు.

నన్ను చూసి హడలిపోయాడు. "అక్కా, ఇంతదూరం వొచ్చీసినావేటి? ఉపాసం ఉన్నానక్కా, మూడ్రోజులూ మంచినీళ్ళే. అయినా తెర పూర్తిగ దిగిపోనాది. ఎడం కంట్లో ఏటీ లేదిప్పుడు. నాలో ఇంకా ఏటో దాగుండుంటది, నాకే తెలత్నేదు," అన్నాడు.

"నీలో ఏం లేదు. ఏమీ లేదు. నోర్మూసుకుని టాక్సీ ఎక్కు," అన్నాను. గేటు ముందు అంతమంది మగవాళ్ళ మధ్య అరిచేశాను. ఏడుపు ఆగలేదు. అతనేమో, సూపర్వైజరుకి చెప్పకుండా ఎలా రానక్కా, ఇంటికి పంపించేస్తారు అంటాడు. చెయ్యి పట్టుకుని లాగాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నది, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. లైటు పెట్టి చూసింది, ఇంకొకరిని పిలిచి చూపించింది. అతనికి ఇంగ్లీషు పెద్దగా రాదు, మధ్యలో నేనే చెప్పాలి. తెర ఎప్పుడు మొదలైందని అడిగింది. శనివారం అన్నాడు. ఆమె పెన్ను కింద పెట్టింది. ఆదివారం వచ్చుంటే నడిమి చూపు మిగిలేదేమో, ఇప్పుడది కూడా ఊడిపోయింది, ఆపరేషన్ చేస్తాం గానీ ఆశ పెట్టుకోవద్దు అంది. అవన్నీ తెలుగులో చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. అతను ఊఁ ఊఁ అంటూ విన్నాడు.

అప్పుడామె విసుగ్గా, ఇన్నాళ్ళు ఎందుకాగావు, ఎవరికైనా చెప్పావా అని అడిగింది.

నేను తెలుగులోకి మార్చాను. "ఎవరికైనా చెప్పావా అంటున్నారు తమ్ముడూ."

అతను నావైపు పూర్తిగా తల తిప్పాడు. ఎడమవైపు కూర్చున్నాను కదా, అలా తిప్పితే గానీ నేను కనబడను. నన్ను చూసి, "ఎవుళికీ సెప్పలేదని సెప్పు అక్కా," అన్నాడు.

డాక్టరమ్మ నావంక చూస్తోంది. అతనెవరికీ చెప్పలేదట అని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె అదే రాసుకుంది.

ఆపరేషన్ చేశారు. కంట్లో గాలి నింపారు, ఆ గాలి కదలకుండా రోజుల తరబడి బోర్లా పడుకోవాలన్నారు. నేను రోజూ క్లినిక్ అయ్యాక వెళ్ళేదాన్ని. అన్నం ముద్దలు చేసి చేతికిస్తే, ముఖం కిందికి పెట్టుకునే తినేవాడు. మూడోరోజో నాలుగోరోజో, దిండులోంచి అడిగాడు.

"అక్కా, ఆ డాకటరమ్మతో అబద్దం సెప్పినాను గదా. నీ సేత కూడా సెప్పించినాను. మళ్ళీ బల్లకాడికి రానిస్తారా నన్ను?"

వెటకారం కాదు, దెప్పడం కాదు. అతనికి ఆ రెండూ చేతకావు. నిజంగానే భయపడి అడుగుతున్నాడు. చెప్పుతో కొట్టినా నాకంత తగిలేది కాదు. ఇంకో ముద్ద చేసి అతని చేతిలో పెట్టాను. రానిస్తారు అనడానికి నేనెవర్ని, ఆపించింది నేనే కదా. "నువ్వు తిను ముందు," అన్నాను.

పొర అతికింది. చూపు రాలేదు. ఎదురుగా చెయ్యి ఊపితే ఏదో కదిలిందని తెలుస్తుంది, అంతే. ఒంటికన్నుతో ఎత్తుల మీద పని చెయ్యనివ్వరు. కంట్లో గాలి కరిగేదాకా విమానం ఎక్కకూడదు కాబట్టి కొన్ని వారాలు ఆగి, తర్వాత ఊరికి పంపించెయ్యాలని కంపెనీవాళ్ళు నిర్ణయించారు. పెళ్ళాంతో ఫోన్లో అతను, దుమ్ము పడింది, తగ్గిపోద్ది అని చెప్పడం విన్నాను. అది మూడో అబద్ధమో నాలుగోదో. లెక్క పెట్టుకుంటున్నాడేమో అని నాకు భయం.

వెళ్ళిపోయే ముందు ఆఖరి ఆదివారం ఆరాధనకి వచ్చాడు. కుర్చీలు వెయ్యనివ్వలేదు ఎవరూ, తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. కంటికి నల్ల అద్దాలు. అయ్యగారు అతని గురించి చాలా ప్రేమగా మాట్లాడారు. మన సహోదరుడు మొహమాటం కొద్దీ జబ్బుని దాచుకున్నాడు, ఇకమీదట ఎవరూ అలా చెయ్యకండి, మాతో చెప్పండి అన్నారు. అతను తల ఊపాడు, అవునవును అన్నట్టు.

ఇంక ఊరుకోలేకపోయాను. సాక్ష్యాల సమయం కూడా కాదది, లేచి నిలబడ్డాను.

"అతను దాచలేదండీ. నాకు చెప్పాడు. సింకు దగ్గర నిలబడి, నల్లటి తెర దిగుతోందని ఉన్నదున్నట్టు చెప్పాడు. కన్ను సంగతి అంటున్నావా అని నేను అడగను కూడా అడగలేదు. అతనికి వెలుగు కనిపించిందని నాకు కుళ్ళు. పోయిందంటే సంతోషించాను. ఆస్పత్రిలో కూడా నన్ను కాపాడ్డానికి అబద్ధమాడాడు. ఆ కన్ను నావల్ల పోయింది," అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. వెనకనుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. పక్కన ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఎంత తగ్గింపు, ఎంత వినయం తల్లీ నీది," అని కళ్ళొత్తుకుంది. ఇంకా నాలుగు గొంతులు లేచాయి.

"కాదండీ, ఇది సాక్ష్యం కాదు. నేను మామూలుగా చెప్తున్నాను. నిజంగా కన్ను పోయింది, నిజంగా నావల్లే," అని అరిచాను.

స్తోత్రాలు ఇంకా పెరిగాయి. అయ్యగారు నా దగ్గరికి నడిచొచ్చారు. "చూశారా," అన్నారు నన్ను చూపించి, "హృదయశుద్ధి అంటే ఇదీ."

అందరూ ఆమేన్ అన్నారు. ముందు వరసలో అతను కుర్చీలోంచి లేచి, నేనెక్కడున్నానో చూడటానికి పూర్తిగా ఇటు తిరిగి, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.